కొలోన్ నగరపు పండుగలు – ఒక చారిత్రక పరిశీలన

1965 ఫిబ్రవరి 3వ తేదీ, బుధవారం. హిజ్రీ 1384వ సంవత్సరం షవ్వాల్ మాసపు మొదటి దినం. పశ్చిమ జర్మనీలోని కొలోన్ నగరంలో ఆనాడు కొన్ని వందలమంది తుర్కీ కార్మికులు ఈదుల్ ఫిత్ర్ నమాజుకు బయలుదేరారు. వారు వెళ్ళింది మస్జిదుకు కాదు, ఈద్‌గాహ్‌కు అంతకన్నా కాదు. ఆ రెండూ అప్పటికి ఆ నగరంలో లేవు. వారు వెళ్ళింది రైన్ నది ఒడ్డున ఆకాశాన్నంటే రెండు శిఖరాలతో నిలిచి ఉన్న కాథలిక్కుల మహా చర్చికి. చర్చి అధికారుల అనుమతితో ఉత్తరం వైపు పక్క నడవలలో తివాచీలు పరచుకొని, వరుసలు తీరి, వారు పండుగ నమాజు నెరవేర్చారు.

ఈ సంఘటనను జర్మన్ పత్రికలు ఆశ్చర్యంతో వ్రాశాయి. ముస్లిం పాఠకునికి మాత్రం ఇందులో రెండు పాత జ్ఞాపకాలు మెదులుతాయి. మొదటిది, నజ్రాన్ క్రైస్తవుల రాయబార బృందం మదీనాకు వచ్చినప్పుడు వారి ప్రార్థనా సమయం కాగా, మహాప్రవక్త (స) వారిని తన మస్జిదులోనే ప్రార్థన చేసుకోనిచ్చారన్న సీరత్ గ్రంథాల కథనం. రెండవది, బైతుల్ మఖ్దిస్ స్వాధీనమైనప్పటి సంఘటన. అక్కడి సమాధి చర్చిలో నమాజు చేయవలసిందిగా పేట్రియార్క్ సొఫ్రోనియస్ కోరగా, హజ్రత్ ఉమర్ (రజి) అంగీకరించక బయటి మెట్ల వద్ద నమాజు చేశారు. తాను లోపల నమాజు చేస్తే, తరువాతి ముస్లిములు దానిని సాకుగా తీసుకొని చర్చిని ఆక్రమిస్తారేమోనన్నది ఆయన భయం. ఈ వృత్తాంతాన్ని వ్రాసి ఉంచినవాడు 10వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పేట్రియార్కుగా ఉండిన క్రైస్తవ చరిత్రకారుడు యుటీకియస్ కావడం గమనార్హం.

ఆతిథ్యం ఇచ్చినవానికి ఔదార్యం ఉండాలి, పొందినవానికి హద్దు తెలియాలి. 1965లో కొలోన్‌లో రెండూ కనిపించాయి. ఆ తుర్కీలు చర్చిపై ఏ హక్కునూ కోరలేదు; నమాజు ముగించి, తివాచీలు చుట్టుకొని వెళ్ళిపోయారు. అయితే ఒకరి అనుమతితో జరుపుకొనే పండుగ వేరు, తన ఊరిలో తాను జరుపుకొనే పండుగ వేరు. మొదటి దానినుండి రెండవ దానికి కొలోన్ ముస్లిములు ఎంత దూరం నడవవలసి వచ్చిందో తెలియాలంటే, ఆ నగరపు పండుగల చరిత్రలోకి కొంచెం లోతుగా వెళ్ళాలి.

కొలోన్ రోమనులు స్థాపించిన నగరం. క్రీ.శ. 50లో దానికి నగర ప్రతిపత్తి లభించింది. 1164లో ఆర్చిబిషప్ రైనాల్డ్ ఇటలీలోని మిలాన్ నుండి కొన్ని అస్థికలను తెచ్చి ఇక్కడ ఉంచాడు. బాలయేసును చూడటానికి తూర్పు దేశాలనుండి వచ్చారని చెప్పబడే ముగ్గురు జ్ఞానుల అస్థికలవి అని కాథలిక్కుల విశ్వాసం. వాటికొరకు బంగారు మందసం చేయించారు. యాత్రికుల రద్దీకి తగినట్లుగా 1248 ఆగస్టు 15న ప్రస్తుత మహా చర్చికి పునాది వేశారు. 16వ శతాబ్దంలో పని ఆగిపోగా, మధ్యలో సుమారు 300 ఏండ్లు అది మొండిగానే నిలిచి, చివరకు 1880లో పూర్తయింది. దాని ఎత్తు 157 మీటర్లు. నగర చిహ్నంలో నేటికీ ఆ ముగ్గురి పేర మూడు కిరీటాలు ఉన్నాయి. జనవరి 6న వారి పండుగ. పిల్లలు రాజుల వేషాలు వేసుకొని, నక్షత్రం పట్టుకొని ఇంటింటికీ తిరిగి, తలుపుల మీద సుద్దతో దీవెన అక్షరాలు వ్రాస్తారు. వేసవి ముంగిట కార్పస్ క్రిస్టీ ఊరేగింపు 13వ శతాబ్దం నుండి వస్తున్నది. ఆ రోజుననే నది అవతల మ్యూల్‌హైమ్‌లో పడవలపై మరొక ఊరేగింపు సాగుతుంది. నవంబరు 11న సెయింట్ మార్టిన్ దినం. పిల్లలు కాగితపు లాంతర్లతో వీధులలో నడుస్తారు. డిసెంబరులో చర్చి చుట్టూ క్రిస్మస్ సంత.

వీటన్నిటినీ మించినది కార్నివాల్. ఈ పండుగ మూలం ఉపవాసాలతో ముడిపడి ఉంది. ఈస్టరుకు ముందు ఆదివారాలు మినహా 40 దినాలు క్రైస్తవులు ఉపవాస కాలంగా పాటించేవారు. ఆ కాలంలో మాంసం నిషిద్ధం. కనుక ఉపవాసాలు ప్రారంభమయ్యే ‘బూడిద బుధవారా’నికి ముందు తినవలసినదంతా తిని, త్రాగవలసినదంతా త్రాగి, ఆడవలసినదంతా ఆడేవారు. ఇస్లాంలో పండుగ ఉపవాసాల తరువాత వస్తుంది. అది నెరవేర్చిన విధికి కృతజ్ఞత. కార్నివాల్ ఉపవాసాలకు ముందే వస్తుంది. అది రాబోయే కష్టానికి ముందుగా పుచ్చుకొనే పరిహారం. నేడు కొలోన్‌లో ఆ 40 దినాల ఉపవాసాలను పాటించేవారు కొద్దిమందే. కార్నివాల్ మాత్రం లక్షలాది జనంతో కళకళలాడుతూనే ఉంది. వేరు ఎండినా కొమ్మ పచ్చగానే ఉండటం మతాల చరిత్రలో క్రొత్త కాదు. ముస్లిం సమాజాలు కూడా ఈ ప్రమాదానికి అతీతమైనవేమీ కావు.

ఇక్కడ మరొక విశేషం. సూర్యమానాన్ని అనుసరించే ఐరోపాలో కూడా ఈస్టరును నిర్ణయించేది చంద్రుడే. వసంత విషువత్తు తరువాతి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టరు. కార్నివాల్ ప్రధాన దినమైన ‘రోజెన్ సోమవారం’ దానికి 48 రోజులు ముందు. 325లో నైసియా మహాసభ ఈస్టరు తేదీ విషయంలో క్రైస్తవులను ఏకం చేయజూసింది. ఈనాటికీ తూర్పు చర్చిలవారూ పడమటి చర్చిలవారూ చాలా సంవత్సరాలలో వేర్వేరు ఆదివారాలలో ఈస్టరు జరుపుకొంటున్నారు. నెలవంక విషయంలో ముస్లిముల భేదాభిప్రాయాలను చూచి నవ్వేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు.

కార్నివాల్‌ను పాలకులు ఎన్నడూ నిశ్చింతగా చూడలేదు. ముసుగు వేసుకొన్న ప్రజ ఏమైనా మాట్లాడగలదు. 1794లో నగరాన్ని ఆక్రమించిన ఫ్రెంచివారు దానిని కొంతకాలం నిషేధించారు. 1815లో కొలోన్ ప్రష్యా చేతికి వచ్చింది. ప్రష్యా రాజులు ప్రొటెస్టెంటులు, నగర ప్రజలు కాథలిక్కులు. 1823లో నగర ప్రముఖులు ఒక సంఘంగా ఏర్పడి, వీధి అల్లరిగా దిగజారిన ఈ పండుగను క్రమబద్ధం చేసి, మొదటి రోజెన్ సోమవారపు ఊరేగింపు తీశారు. పాలకులకు ఇది ముచ్చటగానే కనిపించింది. కాని ఆ సంవత్సరమే ఏర్పడిన ‘ఎర్ర ఫుంకెన్’ దళం పాత నగర సైనికుల దుస్తులు ధరించి, కొయ్య తుపాకులు పట్టుకొని, వీపులు రాసుకొంటూ నృత్యం చేసి సైనిక కవాతునే వెక్కిరించసాగింది. ఎవరిని వెక్కిరిస్తున్నారో చూచేవారికి చెప్పనక్కరలేదు.

నవంబరు 11వ తేదీ 11 గంటల 11 నిమిషాలకు ఉత్సవ కాలం ప్రకటిస్తారు. బూడిద బుధవారానికి ముందటి గురువారం స్త్రీలది; పురుషుల మెడపట్టీలను కత్తిరించడం వారి హక్కు. సోమవారం శకటాల ఊరేగింపు, వాటిమీదనుండి జనంపైకి మిఠాయిల వర్షం. మంగళవారం రాత్రి ‘నుబ్బెల్’ అనే గడ్డి బొమ్మకు అన్ని పాపాలూ అంటగట్టి తగులబెడతారు. ఈ రోజులలో మద్యపానం హద్దు మీరుతుంది. సభ్యత గల జర్మనులే దానిని తప్పుపడతారు. ముస్లిం తల్లిదండ్రులకు ఇది ఏటేటా వచ్చే చిక్కు. బడి పిల్లలంతా వేషాలు వేసుకొని మిఠాయిలు ఏరుకొంటూ ఉంటే తమ బిడ్డను ఎంతవరకు పంపాలి, ఎక్కడ ఆపాలి? పిల్లల ఊరేగింపు వరకు పంపి, పెద్దల వీధి పానగోష్ఠులకు దూరంగా ఉంచడం కొందరు కనుగొన్న మధ్యేమార్గం.

వేడుక వెనుక చీకటి కూడా ఉంది. నాజీల కాలంలో, 1934 ఊరేగింపులో యూదుల వేషం వేసినవారిని ఒక బండిపై ఎక్కించి, ‘చివరివారు వెళ్ళిపోతున్నారు’ అన్న భావపు నినాదంతో త్రిప్పారు. జనం నవ్వారు. ఆ తరువాత ఏమి జరిగిందో ప్రపంచానికి తెలుసు. అయితే ఈ కార్నివాల్‌కే ఇంకొక ముఖం కూడా ఉంది. 1991లో ఇరాక్‌పై యుద్ధం జరుగుతుండగా అధికారిక ఊరేగింపును రద్దు చేశారు. అయినా ప్రజలు తమంతట తామే శాంతి నినాదాలతో వీధులలోకి వచ్చారు. 2022 ఫిబ్రవరి 28న, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన నాలుగు రోజులకు, ఊరేగింపుకు బదులు శాంతి ప్రదర్శన జరిపితే సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు.

ఇప్పుడు నది సంగతి చెప్పాలి. కొలోన్ ప్రధాన నగరం రైన్ ఎడమ ఒడ్డున ఉంది. కుడి ఒడ్డును స్థానికులు ‘షెల్ జిక్’ అంటారు. మెల్లకన్ను వైపు అని దాని భావం. నగరానికి నచ్చనివారు చేరే ఒడ్డు అది. కొలోన్ యూదుల ప్రస్తావన 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి శాసనంలోనే కనిపిస్తుంది. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన యూదుల గురించిన అతి ప్రాచీన ఆధారం అదే. 1424లో వారిని నగరంనుండి వెళ్ళగొట్టారు. పలువురు అవతలి ఒడ్డున డాయిట్జ్‌లో స్థిరపడ్డారు. 1798 వరకు, అంటే దాదాపు 375 ఏండ్లు, వారికి నగరంలో నివాసం లేదు. ప్రొటెస్టెంటు క్రైస్తవుల గతి కూడా కొంతవరకు ఇదే. స్వంత నగరంలో బహిరంగ ఆరాధనకు అనుమతి లేక, వారు ఆదివారాలు పడవలెక్కి అవతలి ఒడ్డున మ్యూల్‌హైమ్‌కు వెళ్ళి ప్రార్థన చేసుకొని తిరిగి వచ్చేవారు. ఫ్రెంచి పాలనలో, 1802లో గాని వారికి నగరంలో చర్చి దక్కలేదు. నేడు తమ సహనశీలతకు గర్వించే ఈ నగరం, తన క్రైస్తవులలోనే ఒక వర్గాన్ని రెండు శతాబ్దాలకు పైగా నది దాటించిందన్నమాట.

1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ, తుర్కీ ప్రభుత్వాల మధ్య కార్మిక ఒప్పందం కుదిరింది. అనటోలియా గ్రామాలనుండి వచ్చిన యువకులు కొలోన్‌లోని ఫోర్డ్ మోటారు కర్మాగారంలోను, ఇతర మిల్లులలోను చేరారు. వారిని ‘అతిథి కార్మికులు’ అన్నారు. అతిథి అన్నాక తిరిగి వెళ్ళిపోవాలి కదా! కనుక వారికి మస్జిదు ఎందుకు, శ్మశానం ఎందుకు, పండుగ సెలవు ఎందుకు అన్న ప్రశ్నను ఎవరూ వేయలేదు; మొదట్లో వారు కూడా వేసుకోలేదు. ఏడాదికొకసారి దొరికే సెలవే వారికి అసలైన పండుగ. వేల కిలోమీటర్లు ప్రయాణించి ఇంటికి చేరి, తల్లిదండ్రులను, ఆలుబిడ్డలను చూచుకొనే రోజులవి. 1973 వేసవిలో సెలవునుండి ఆలస్యంగా తిరిగి వచ్చారని ఫోర్డ్ కర్మాగారం సుమారు 300 మంది తుర్కీలను పనిలోనుండి తీసివేసింది. ఆగస్టు 24న సమ్మె మొదలైంది. కార్మిక సంఘం దానిని బలపరచలేదు. ఆగస్టు 30న పోలీసుల జోక్యంతో అది అణగిపోయింది. ఆ నవంబరులోనే ప్రభుత్వం విదేశీ కార్మికుల నియామకాన్ని నిలిపివేసింది. దాని ఫలితం ఎవరూ ఊహించనిది. ఒకసారి వెళితే మరల రానివ్వరన్న భయంతో కార్మికులు వెళ్ళిపోవడం మానుకొని, భార్యాబిడ్డలనే కొలోన్‌కు రప్పించుకొన్నారు. అతిథి నివాసి అయ్యాడు.

కుటుంబాలు వచ్చిన తరువాతే పండుగ ఇంటికి వచ్చింది. మూతపడిన కార్ఖానాలు, పెరటి గిడ్డంగులు అద్దెకు తీసుకొని మస్జిదులుగా మార్చుకొన్నారు. జర్మనులు వాటికి ‘పెరటి మస్జిదులు’ అని పేరు పెట్టారు. 1984లో తుర్కీ మస్జిదుల సమాఖ్య ‘దితిబ్’ కొలోన్ కేంద్రంగా ఏర్పడింది. పిల్లలకు మిఠాయిలు పంచే పండుగ కనుక ఈదుల్ ఫిత్ర్‌ను తుర్కీలు ‘షెకర్ బైరామ్’ అని కూడా అంటారు. జర్మనులు దానిని ‘చక్కెర పండుగ’ చేశారు. ఈ పేరును కొందరు ఉలమా ఇష్టపడరు. రంజాన్ మాసపు సారం చక్కెరలో కరిగిపోరాదని వారి అభిప్రాయం. అది సరైనదే.

బక్రీద్ సమస్య మరింత జటిలం. జర్మన్ చట్టం ప్రకారం పశువును ముందుగా స్పృహ తప్పించి వధించాలి. 2002 జనవరి 15న రాజ్యాంగ న్యాయస్థానం ఒక ముస్లిం కసాయి పెట్టుకొన్న ఫిర్యాదుపై తీర్పు చెబుతూ, మతపరమైన మినహాయింపుకు దారి చూపింది. అయితే అదే సంవత్సరం జంతు సంరక్షణ రాజ్యాంగంలో చేరింది. అనుమతులు ఆచరణలో అరుదయ్యాయి. అందుచేత అనేక కుటుంబాలు ఖుర్బానీ పైకాన్ని స్వదేశానికో బీద దేశాలకో పంపుతాయి. విధి నెరవేరుతుంది గాని, ఇంటి పిల్లలు ఖుర్బానీని కంటితో చూడరు.

ఇక సెలవుల విషయం. కొలోన్ ఉన్న ఉత్తర రైన్–వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో చట్టబద్ధమైన సెలవులు ఏటా 11. వాటిలో ముస్లిముల పండుగ ఒక్కటీ లేదు. జర్మనీలోని ఏ రాష్ట్రంలోనూ ఈద్ అందరికీ వర్తించే సాధారణ సెలవు కాదు. కొలోన్ బడులలో ముస్లిం విద్యార్థులు పండుగ నాడు సెలవు కోరవచ్చు. 2012లో హాంబర్గ్ నగర రాష్ట్రం ముస్లిం సంస్థలతో ఒప్పందం చేసుకొని, ముస్లిం ఉద్యోగులకు తమ పండుగలకు పని మానే హక్కును గుర్తించింది. 2017లో ఆంతరంగిక మంత్రి డి మైజియేర్, ముస్లిములు ఎక్కువగా ఉన్నచోట ఒక సెలవు గురించి ఆలోచించవచ్చునని అనగానే ఆయన పక్షంలోనే గగ్గోలు పుట్టింది. అయితే న్యాయంగా మరొక విషయం కూడా చెప్పాలి. 1995లో ప్రొటెస్టెంటుల పశ్చాత్తాప ప్రార్థనా దినాన్నే సాక్సనీ తప్ప అన్ని రాష్ట్రాలూ సెలవుల జాబితానుండి తొలగించాయి. వృద్ధుల, రోగుల సంరక్షణ బీమాకు యజమానులు చెల్లించవలసిన భారాన్ని ఆ ఒక పని దినంతో పూడ్చారు. పనిదినాన్ని వదలుకోవడం అక్కడి పరిశ్రమకు ఏ మతం కొరకైనా కష్టమే. అన్నిటికంటె చిత్రమైన సంగతి ఏమంటే, రోజెన్ సోమవారం కూడా చట్టబద్ధమైన సెలవు కాదు. ఆ రోజున కొలోన్‌లో బడులు, కచేరీలు, అనేక దుకాణాలు మూతపడేది చట్టం వల్ల కాదు, వాడుక వల్ల.

ముస్లిములు కూడా ఒక వాడుకను సృష్టించారు. 1997 నుండి ఏటా అక్టోబరు 3న, జర్మనీ ఏకీకరణ జాతీయ దినాన, దేశమంతటా మస్జిదుల తలుపులు ఇరుగుపొరుగువారికి తెరచి ఉంచుతున్నారు. టీ, మిఠాయి, ప్రశ్నలు, సమాధానాలు. ఎవరి అనుమతీ అడగకుండా జాతీయ దినంలో తమకొక చోటు చేసుకొన్న ఈ ఆలోచన, ఎన్నో విజ్ఞాపన పత్రాలకన్నా విలువైనది.

ఎహ్రెన్‌ఫెల్డ్ ప్రాంతంలో పెద్ద మస్జిదు కట్టాలన్న సంకల్పం మాత్రం నగరాన్ని రెండుగా చీల్చింది. దాని నమూనా రచయిత పౌల్ బ్యోమ్. ఆయన తండ్రీ తాతలు చర్చిల నిర్మాణంలో ప్రసిద్ధులు. 2007లో విన్‌గ్స్ట్ ప్రాంతపు కాథలిక్ చర్చి ఒకటి ఈ మస్జిదు కొరకు తన సభ్యులనుండి చందా వసూలు చేసింది. 2008లో నగర సభ నిర్మాణాన్ని ఆమోదించింది. ఆ సెప్టెంబరులో ఇస్లాం వ్యతిరేకులు ఐరోపా నలుమూలలనుండి కొలోన్‌లో సభకు రాగా, టాక్సీవారు ఎక్కించుకోలేదు, హోటళ్ళవారు వడ్డించలేదు, వేలమంది పౌరులు దారులు అడ్డగించారు. సభ జరగలేదు.

అంతటి అండ దొరికిన మస్జిదు ప్రారంభోత్సవం ఎలా జరగాలి? 2018 సెప్టెంబరు 29న తుర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్ వచ్చి దానిని ప్రారంభించాడు. నగర మేయరు హాజరు కాలేదు. మస్జిదు కొరకు తన పక్షాన్నే ఎదిరించిన మాజీ మేయరు ఫ్రిట్జ్ శ్రమ్మా తన మనస్తాపాన్ని బహిరంగంగా చెప్పుకొన్నాడు. వీధి పొడుగునా పోలీసులు. ఇరుగుపొరుగు బయటనే ఉండిపోయింది. తమ పండుగకు పొరుగువారిని పిలుచుకోవడంలో నిర్వాహకులు చూపిన ఈ నిర్లక్ష్యం క్షమించదగినది కాదు. 1965లో చర్చివారు తుర్కీలకు తలుపు తెరచినప్పుడు ఏ దేశాధ్యక్షుడూ అడ్డు నిలువలేదు. 2022 అక్టోబరు 14 నుండి ఆ మస్జిదులో శుక్రవారం మధ్యాహ్నం అజాన్ లౌడు స్పీకరులో వినిపించసాగింది. అనుమతి ఐదు నిమిషాలకు, నిర్ణీత ధ్వనికి పరిమితం.

అవతలి ఒడ్డున మ్యూల్‌హైమ్‌లో, ఒకనాడు ప్రొటెస్టెంటులు ప్రార్థనకు పడవలెక్కి వచ్చినచోట, నేడు తుర్కీ దుకాణాలతో నిండిన కోయిప్ వీధి ఉంది. 2004 జూన్ 9న అక్కడ మేకులు నింపిన బాంబు పేలి 22 మంది గాయపడ్డారు. పోలీసులు ఏండ్ల తరబడి ఆ వీధివారినే అనుమానించారు. నేరం నవనాజీ ముఠాదని 2011లో గాని బయటపడలేదు. 2014లో, పదేండ్లు నిండిన సందర్భంలో, ఆ వీధిలో ‘బిర్లిక్తె’ – అంటే ‘కలిసి’ – అనే ఉత్సవం జరిపారు. అది క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ సెలవులలో పడింది. దేశాధ్యక్షుడు గౌక్ వచ్చి బాధితుల మధ్య కూర్చున్నాడు. సాయంత్రం తుఫాను హెచ్చరికతో కచేరీని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. మరి రెండేండ్లు ఆ ఉత్సవం కొనసాగింది.

హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరంకన్నా 10, 11 రోజులు చిన్నది. అధిక మాసాన్ని చేర్చే అరబ్బుల పాత పద్ధతిని ఖుర్ఆన్ తౌబా సూరాలో రద్దు చేసిన నాటినుండి ముస్లిముల పండుగలు ఋతువులన్నిటా తిరుగుతున్నాయి. అందువల్ల కొలోన్‌లో సుమారు 33 ఏండ్లకొకసారి రంజాన్, కార్నివాల్ ఒకచోట కలుస్తాయి. 1965లో ఈద్ నమాజు జరిగింది కార్నివాల్ కాలంలోనే. ఆ ఏడు రోజెన్ సోమవారం మార్చి 1న వచ్చింది. 2025లో రోజెన్ సోమవారం మార్చి 3న, సరిగ్గా రంజాన్ ఉపవాసాల మొదటి వారంలో పడింది. 2026 క్యాలెండరులో బూడిద బుధవారం ఫిబ్రవరి 18. తుర్కీ గణన ప్రకారం రంజాన్ తొలి ఉపవాసం ఆ మరుసటి దినం, ఫిబ్రవరి 19.